పొద్దున తీపి, మధ్యాహ్నం పులుపు

మా తోడల్లుడు జర్మనీలో ఉంటాడు. మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటలకు ఒక పూట వెళ్ళొచ్చి ఫొటోలు పంపాడు. చలిసీమలో పండు మెల్లగా పక్వానికి వస్తుందట, అందుకే పులుపు పోకుండా వైన్‌కి ఆ రుచి. "జగదల్‌పూర్‌లో ఏముంది మీకు?" అని కింద ఒక ప్రశ్న కూడా పెట్టాడు. మా ఆవిడకి ఆ ప్రశ్న గుచ్చుకుంది. "ఏవండీ, ఆదివారం మనమూ ఎక్కడికైనా వెళ్దాం" అంది.

అలా జనవరి చలిలో, తెల్లవారక ముందే సుక్మా రోడ్డు పట్టాం. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం దాటి దర్భ వైపు వెళ్తే, గుట్టల మధ్య మా శాఖ ఖాతాదారు ఒకాయన ఊరు ఉంది. ధుర్వా తెగ పెద్దాయన. ఆయన ఇంటి వెనకే సల్ఫీ చెట్లు.

సల్ఫీ అంటే కొత్తగా విన్నవాళ్ళకు చెప్తాను: అది మన జీలుగు చెట్టే. రంపచోడవరం ఏజెన్సీలో జీలుగు కల్లు తాగేది దాని నుంచే. పొలంలో పచ్చిరొట్టకు చల్లే జీలుగు వేరు, దీనితో కలపకండి. ఇది తాటి జాతి చెట్టు. ఆకు చేప తోకలా చీలి ఉంటుంది. గెలను కోసి కింద కుండ కడితే రసం చుక్క చుక్కగా దిగుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దించుతారు.

పెద్దాయన కణుపుల దగ్గర కొమ్మలు కాస్త వదిలిన వెదురుబొంగును చెట్టుకు కట్టుకుని, అదే నిచ్చెనగా పైకి ఎక్కాడు. మా చిన్నవాడు నోరు తెరుచుకుని చూశాడు. కిందికి వచ్చాక రసాన్ని ఎండిన ఆనపబుర్రలోకి పోసి, ఆకు దొప్పలో మాకు పోశాడు. నేనొక గుక్క, మా ఆవిడొక గుక్క. చల్లగా, తియ్యగా, కొంచెం మట్టి వాసనతో. పిల్లలకి బొరుగులు, బెల్లం పెట్టారు.

గెల నుంచి దిగినప్పుడు అది ఒట్టి చక్కెర నీరు. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు ఆ చక్కెరను తిని మద్యంగా మారుస్తుంది. ఎండ ముదిరే కొద్దీ ఈస్టుకి ఊపు వస్తుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది, మరీ ఆలస్యమైతే వెనిగర్ దారి పడుతుంది. రాత్రి చలిగా ఉంటే ఈస్టు నిదానిస్తుంది కాబట్టి, చలికాలపు పొద్దుటి కుండ ఎక్కువసేపు తియ్యగా ఉంటుంది. తోడల్లుడి చలిసీమ, మా చలిసీమ పనిచేసే తీరు వేరు, కానీ రెండుచోట్లా రుచిని నిర్ణయించేది చలే.

మేనేజ్‌మెంట్ చదివిన బుర్ర ఊరుకోదు కదా, లెక్కలోకి దిగాను. జీలుగు చెట్టు పదీ పదిహేనేళ్ళు ఏమీ ఇవ్వదు. ఆ తర్వాత పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గెలా కిందికి వేసుకుంటూ కొన్నేళ్ళు ఇస్తుంది. చివరి గెల అయ్యాక చెట్టే చనిపోతుంది. అచ్చంగా లాకిన్ పీరియడ్ ఉన్న పెన్షన్ పథకం! బస్తర్‌లో దీన్ని ఇంటి ఆస్తిగానే చూస్తారు, పెళ్ళిలో కూతురికి చెట్టు ఇవ్వడమూ ఉంది.

పెద్దాయన చెట్లు అయిదు. వాటిలో రెండు గెలలు అవకముందే ఎండిపోయాయి. బస్తర్‌లో సల్ఫీకి ఫ్యుజేరియం అనే శిలీంధ్రం సోకి, చెట్లు నిలువునా వాడిపోతున్నాయి. మూడో చెట్టు ఆకులు పసుపెక్కడం చూపించాడు. అది కూతురికి అనుకున్న చెట్టట.

"సాబ్, చెట్టు మీద లోన్ ఇస్తారా?" అని హల్బీ కలిసిన హిందీలో అడిగాడు.

నా దగ్గర మంచి జవాబు లేదు. మన దరఖాస్తులో భూమికి గడి ఉంది, పంటకి ఉంది, పశువులకి ఉంది. సల్ఫీకి లేదు. అదే చెప్పాను. ఆయన అటవీ హక్కుల పట్టా మీద వరికి, మేకలకి కిసాన్ క్రెడిట్ కార్డు అడగొచ్చని చెప్పి, కావలసిన కాగితాలు మా ఆవిడ చేత పిల్లల నోటుబుక్కు పేజీ మీద రాయించి ఇచ్చాను. "చెట్టు?" అన్నాడు మళ్ళీ. వ్యవసాయ శాస్త్రవేత్తలను తీసుకొస్తానని మాటిచ్చాను. ఆ మాట నా డైరీలో ఇంకా పెండింగే.

ఈలోగా మా అమ్మాయి దాహమని సైగ చేస్తే, ఆ ఇంటావిడ "నీర్" అంటూ చెంబు అందించింది. ధుర్వాల పరజీ భాష కూడా ద్రావిడ భాషే. వందల కిలోమీటర్ల దూరంలో మన మాట వినిపించేసరికి పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత చెంబు పూర్తిగా ఖాళీ చేసింది.

బయల్దేరేముందు మరో దొప్ప పోశారు. ఒంటిగంట అయింది, అప్పటికే పుల్లబడింది. కారు నడపాలని వద్దన్నాను. పెద్దాయన నవ్వి, బావి పక్కకు తీసుకెళ్ళి ముళ్ళకంప చుట్టిన మూడు మొక్కలు చూపించాడు. మోకాలి ఎత్తు కూడా లేవు. గెల ఎప్పుడు వేస్తాయని అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. పద్నాలుగేళ్ళు. నా రిటైర్మెంటూ ఆ ఏడే.