ఎర్ర బిళ్ళ లోపల ఏముంది?

అమెరికాలో ఉన్న పిల్లలు ఊరికి వచ్చినప్పుడు వాళ్ళ జేబులో ఎర్రటి చిన్న బిళ్ళ కనిపించవచ్చు. దాని పేరు సెంటు. వంద సెంట్లు ఒక డాలరు. చూడ్డానికి రాగి బిళ్ళే. మరి లోపల?

బిళ్ళ మీద సంవత్సరం చదవండి. 1982 తరువాతదైతే లోపల జింకు ఉంటుంది. పైన రాగి పూత మాత్రమే. నూరు పాళ్ళలో రాగి రెండున్నర పాళ్ళే. 1982లో రెండు రకాలూ చేశారు. రాగిది 3.11 గ్రాములు తూగుతుంది. జింకుది 2.5 గ్రాములే.

మన రాగి చెంబు మీద గీత పడినా లోపల రాగే. ఈ బిళ్ళ మీద గీత పడితే జింకు బయటపడుతుంది. తడి, ఉప్పు తగిలితే జింకు తినుకుపోతుంది. నల్ల మచ్చలు పడతాయి. తెల్లని పొడి వస్తుంది. గుంటలు పడతాయి.

కొన్నిటి మీద చిన్న బొబ్బలుంటాయి. పూత సరిగా అంటక వచ్చినవి అవి. అది తయారీలో లోపం. "అరుదైన బిళ్ళ, వేలు పలుకుతుంది" అని ఎవరైనా అంటే నమ్మి డబ్బు ఇవ్వకండి.

చెంబు తోమినట్టు దీన్ని చింతపండుతో తోమకండి. పులుపు జింకును తినేస్తుంది.

అసలు భయం పసిపిల్లల గురించి. బిళ్ళ మింగితే కడుపులోని యాసిడ్ కూడా జింకును తింటుంది. కడుపులో పుండు పడవచ్చు. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. అలాంటిదే ఇంకో బిళ్ళ ఉంటే చూపించండి.

ఎర్రగా ఉన్నదల్లా రాగి కాదు. నాలుగు అంకెలు చదివితే ఆ సంగతి తెలుస్తుంది. మీ ఇంట్లో ఉన్న నాణేల మీద ఏ సంవత్సరాలు ఉన్నాయి? చదవండి.