‘అవాయిడ్’ అను మాట

‘అవాయిడ్’ అను ఇంగ్లీషు మాట మన యిండ్లలో తరచుగా వినబడును. దీనిని కొందరు ‘తప్పించుకొను’ అనియు, కొందరు ‘నివారించు’ అనియు తెలుగు చేయుచుందురు. ఈ రెండును ఒకటి కావు.

ఈ మాట ఫ్రెంచినుండి ఇంగ్లీషునకు వచ్చినది. మొదటి యర్థము ఖాళీ చేయుట. శూన్యమని, చెల్లనిదని అర్థమిచ్చు ‘వాయిడ్’ దీనికి తోబుట్టువు. న్యాయస్థానములలో ఒప్పందమును ‘అవాయిడ్’ చేయుట యనగా నేటికిని దానిని చెల్లకుండ చేయుటయే. చోటు ఖాళీ చేసి తొలగిపోవుటనుండి, దూరముగా నుండుట యను వాడుక యేర్పడినది.

కనుక ‘అవాయిడ్’ అన్నచో ఆపద యుండనే యుండును, మనము తొలగుదుము. ఆపదనే రానీయకుండుట ‘ప్రివెంట్’. మన ‘నివారించు’ దీనికి సరిపోవును.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో కుండపోతగా వాన కురిసినది. ఊళ్ళు జలమయమైనవి, కామారెడ్డి మీదుగా పోవు రైళ్ళకు అంతరాయము కలిగినది. అట్టి వానను ఎవ్వరును నివారింపజాలరు. వేసవిలోనే కట్టను బాగుచేసినచో చెరువునకు గండి పడకుండ నివారింపవచ్చును. వాగు పొంగిన పిమ్మట మిగిలినది ‘అవాయిడ్’ ఒక్కటే. అప్పుడు ‘ప్రమాదములను నివారింపుడు’ అన్న ప్రకటన ఒడ్డున నిలిచిన బాటసారికి దారి చూపదు. ‘వాగు దాటవద్దు’ అన్నచో చూపును.

ఇక ప్రయోగము. ‘అవాయిడ్ టు గో’ అనుట తప్పు. ‘అవాయిడ్ గోయింగ్’ అనవలెను. మనమును ‘పోవుట మానుము’ అని క్రియను నామముగా మార్చియే పలుకుదుము గదా. దురలవాటును నియమముగా వర్జించుట ‘ఎస్‌చ్యూ’. చేయవలసినదానినుండి జారుకొనుట ‘ఇవేడ్’. పన్ను ఎగవేయుట ఈ రెండవదానిక్రిందికి వచ్చును.

‘అవాయిడ్’నకు మనకు పూర్వమునుండి ‘పరిహరించు’ అను చక్కని మాట కలదు. విడిచి తొలగుట దాని యర్థము. నేటి వాడుకలో ‘పరిహారము’ అనగా నష్టమునకిచ్చు సొమ్ము. మునిగిన పంటకు ఆ రెండవ యర్థము కొంత ఊరట. పోయిన ప్రాణమునకు కాదు. పొంగు వాగు నెదుట మొదటి యర్థమే స్మరింపదగినది.