గుమ్మము ముందు నిలిపిన హాకీ కర్రలు

2018 ఏప్రిల్ నెలలో కెనడా దేశమందు ఎన్నో ఇండ్లవారు రాత్రులందు వాకిటి దీపము ఆర్పక, తలుపు ప్రక్కన ఒక హాకీ కర్రను ఆనించి ఉంచినారు. వారిలో పెక్కుమంది చనిపోయినవారిని ఎన్నడును చూచి ఎరుగరు. ఈ ఆచారమునకు శాస్త్రము లేదు, పూర్వసంప్రదాయము లేదు. ఒక చిన్న పట్టణపు దుఃఖములోనుండి పుట్టినది. ఆ దుఃఖమునకు కారణమైన ప్రమాదమును గురించియు, అందులో పోయిన ఒక ఆటల గురువును గురించియు, ఆ తరువాత జరిగిన కొన్ని సంగతులను గురించియు ఇక్కడ ముచ్చటించెదను.

ఆ దేశపు పశ్చిమ మైదానములలో సస్కాచెవాన్ అను రాష్ట్రమున్నది. అంతయు పొలములే. వాని నడుమ హంబోల్ట్ అను పట్టణము. జనసంఖ్య సుమారు 6,000. శీతకాలము దీర్ఘము, చలి దుర్భరము. అట్టి ఊరికి మంచుగడ్డపై ఆడే ఐస్ హాకీయే వేడుక. అది మనమెరిగిన హాకీకి దూరపు చుట్టము. హంబోల్ట్ బ్రాంకోస్ అను జట్టులో ఆడువారు పదహారు మొదలు ఇరువదియొక్క ఏండ్ల నడుమ వయస్సు గల కుర్రవాండ్రు. దూరపు ఊళ్ళనుండి వచ్చిన వీరికి పట్టణములోని గృహస్థులే బస ఇచ్చి, అన్నము పెట్టి, కన్నబిడ్డలవలె చూచుకొందురు. మన వైపు పూర్వము వారములు చేసికొని చదివిన విద్యార్థులను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ ఏర్పాటు సులభముగా బోధపడును. కాని అక్కడ రోజునకొక ఇల్లు కాదు; ఆటల కాలమంతయు ఒకే ఇల్లు. కనుకనే ఆ కుర్రవాండ్రు ఊరందరికి బిడ్డలు. వారికి కోచ్ అనగా ఆట నేర్పువాడు మాత్రమే కాదు, తల్లిదండ్రులు తమ బిడ్డను నమ్మి అప్పగించిన పెద్ద.

ఆ పెద్ద డార్సీ హాగన్. ఆల్బర్టా రాష్ట్రములోని పీస్ రివర్‌లో పండ్రెండేండ్లు యువజట్టును తీర్చిదిద్ది, 2015లో హంబోల్ట్‌కు వచ్చినారు. తన జట్టు పాటింపవలసిన నియమములను ఆయన వ్రాతలో పెట్టినారు. అందులో కుటుంబమే ముందు అనునది ఒకటి. ఎదుటివారిని గౌరవించుట ఒకటి. జట్టు చొక్కా తొడుగుకొను భాగ్యమునకు కృతజ్ఞత కలిగియుండుట మరియొకటి. మంచి ఆటగాండ్రకంటె మంచి మనుష్యులను తయారుచేయవలెనని ఆయన పట్టుదల. ఇట్టి మాటలు గోడలపై వ్రాసికొనువారు ఎందరో కలరు. ఆ మాటలు గోడ దిగి వచ్చుట మాత్రము అరుదు.

2018 ఏప్రిల్ 6, శుక్రవారము. ఉత్తరమున ఉన్న నిపావిన్ పట్టణపు జట్టుతో పోటీ. ఓడినచో ఆ సంవత్సరమునకు ఆట ముగిసినట్లే. బస్సులో డ్రైవరుతో కలిపి 29 మంది ఉన్నారు. సాయంకాలము ఐదు గంటల వేళ 35వ, 335వ నంబరు రహదారులు కలియుచోట, రెండు ట్రెయిలర్లను లాగుచున్న ఒక భారీ లారీ, ఆగవలెనను గుర్తును దాటి బస్సు దారికి అడ్డముగా వచ్చినది. గుర్తు లేకపోలేదు, దానిపై దీపము కూడ మినుకుమినుకు మనుచునే ఉన్నది. లారీ వేగము గంటకు 86 నుండి 96 కిలోమీటర్ల నడుమ ఉండెనని పిమ్మట తేలినది. 16 మంది మరణించినారు. వారిలో పదిమంది ఆటగాండ్రు. నలుబది రెండేండ్ల హాగన్, ఆయన సహాయకుడు కూడ పోయినారు. తక్కిన 13 మంది గాయపడి బ్రదికినారు.

ఆదివారమునాడు పట్టణమంతయు క్రీడామందిరములో చేరినది. ఎక్కడ కేరింతలు కొట్టినారో అక్కడనే కన్నీరు విడిచినారు. ప్రధానమంత్రియు వచ్చి అందరిలో ఒకడుగా కూర్చుండినారు. మరునాడు అంతకంటె కఠినమైన వార్త వెలువడినది. పోటీల కొరకు కుర్రవాండ్రందరు జుట్టునకు ఒకే పసుపు వన్నె వేసికొని ఉండుటచేత ఇద్దరిని గుర్తించుటలో పొరపాటు జరిగినది. చనిపోయినాడని ఏడ్చిన ఇంటివారి బిడ్డ బ్రదికియుండెను. బ్రదికినాడని ఊరడిల్లిన ఇంటివారి బిడ్డ లేడు. ఆ రెండు ఇండ్ల సంగతి తలచుకొన్న ఎవరికైనను మాట పెగలదు.

రేడియో ఉద్యోగినగుట వలన ఈ వృత్తాంతములో ఒక సంగతి నాకు ప్రత్యేకముగా మనస్సున నాటినది. ఆ బస్సులో ఇరువది తొమ్మిదేండ్ల టైలర్ బీబర్ కలడు. హంబోల్ట్ రేడియో కేంద్రమునుండి జట్టు ఆటలను వర్ణించు వ్యాఖ్యాత. ఆ రాత్రి పోటీ విశేషములను ఇంటివద్ద కూర్చుండి వినవలెనని ఎదురుచూచినవారికి ఆ గొంతు వినబడలేదు. కర్రల ఆచారమును లోకమునకు తెలియజేసినవాడును వ్యాఖ్యాతయే. పూర్వము బ్రాంకోస్ ఆటలను వర్ణించిన బ్రయాన్ మంజ్‌కు ఒక మిత్రుడు, పిల్లలు పైనుండి వచ్చి అడిగితే కర్ర ఉండవలెను గదా అను భావముతో, తన గుమ్మమున నిలిపిన కర్ర చిత్రమును పంపినాడు. మంజ్ దానిని నలుగురికి తెలిపినాడు. కొద్ది దినములలో దేశము నలుమూలలను, దేశాంతరములందును కర్రలు నిలిచినవి. సహాయనిధికి కోటిన్నర డాలర్లకు పైగా చేరినవి.

అయితే ఈ విషాదము మిగిల్చినవానిలో అతి విలువైనది మరియొకటి. దాని వెనుక ఇంకొక గురువు ఉన్నారు. లెత్‌బ్రిడ్జ్ పట్టణమువాడైన లోగన్ బూలే అను ఆటగాడు చిన్ననాటినుండి రిక్ సగిట్ అను శిక్షకుని ఎరుగును. వేసవులలో ఆయనవద్ద వ్యాయామము నేర్చినాడు. సగిట్ 2017 జూన్ నెలలో మెదడులో రక్తస్రావమై మరణించినారు. ఆయన అవయవములు ఆరుగురికి ఉపకరించినవి. అది విని లోగన్, తానును అట్లే చేసెదనని తండ్రితో చెప్పి, ఇరువది ఒకటవ పుట్టినరోజు వచ్చినంతనే అవయవదానమునకు పేరు వ్రాయించుకొన్నాడు. అటుపిమ్మట అయిదు వారములకే ఈ ప్రమాదము. తల్లిదండ్రులు కుమారుని మాట చెల్లించినారు. మరల ఆరుగురికి మేలు కలిగినది. ఈ వార్త తెలిసిన కొద్ది వారములలో కెనడాలో దాదాపు 1,50,000 మంది దాతలుగా పేర్లు నమోదు చేసికొన్నారని అంచనా. 2019 నుండి ఏటేట ఏప్రిల్ 7వ తేదీన ఆకుపచ్చ చొక్కా తొడుగుకొని అక్కడివారు ఆ దానమును గురించి ప్రచారము చేయుదురు. సగిట్ ఉపన్యాసమిచ్చి నేర్పిన పాఠము కాదిది. శిష్యుడు చూచి నేర్చినాడు.

లారీ నడిపినవాడు మన దేశమునుండి వలసపోయిన యువకుడు. ఉద్యోగములో చేరి నెల కూడ కాలేదు. వెనుక ట్రెయిలరుపై టార్పాలిన్ ఎగురుచుండగా దానివంకనే చూచుచుండి గుర్తును గమనింపలేదని న్యాయస్థానమునందు తెలిసినది. అతడు విచారణ కోరక నేరమంగీకరించినాడు. 2019 మార్చి 22న ఎనిమిదేండ్ల శిక్ష పడినది. 2024లో దేశమునుండి పంపివేయుటకు ఉత్తరువు కూడ వెలువడినది. శిక్ష నిర్ణయించు ముందు బంధువులందరు తమ బాధ చెప్పుకొన్నారు. హాగన్ సతీమణి అతనిని క్షమించితినని చెప్పినది. క్షమింపజాలమన్నవారును ఉన్నారు. వారిని తప్పుపట్టుటకు మనమెవరము? ఆ సంవత్సరమే సస్కాచెవాన్‌లో పెద్ద లారీలు నడుపగోరువారికి కనీసము 121.5 గంటల శిక్షణ నిర్బంధము చేసినారు. అంతకు పూర్వము ఇన్ని గంటలను నియమమే లేదు. నియమములు ఇట్లు ఆలస్యముగా వచ్చుట ఆ దేశమునకే పరిమితము కాదు.

2018 సెప్టెంబరు 12న హంబోల్ట్ క్రీడామందిరములో మరల దీపములు వెలిగినవి. ఎదుటి జట్టు నిపావిన్‌వారే. ప్రమాదమునుండి బయటపడినవారిలో ఇద్దరు బ్రాంకోస్ చొక్కా తొడుగుకొని మంచుపైకి దిగినారు. నిపావిన్‌వారు 2-1 గోలులతో నెగ్గినారు. ఆట ముగిసిన పిమ్మట, బస్సులో ప్రయాణము చేసిన 29 మంది పేర పతాకములను పైకప్పునకు ఎత్తినారు.