క్రైస్తవ పూర్వ ప్రాథమిక పాఠశాలలో బిడ్డను చేర్పించడం

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• క్రైస్తవ యాజమాన్యానికీ, క్రైస్తవ మతబోధనకూ గల తేడాను వివరించగలుగుతారు.
• మతబోధన విషయంలో తల్లిదండ్రులకు రాజ్యాంగం కల్పించిన హక్కును, దాని పరిమితిని గుర్తించగలుగుతారు.
• బడిలోని మత వాతావరణాన్నీ, బోధనా నాణ్యతనూ విడివిడిగా పరిశీలించి నిర్ణయం తీసుకోగలుగుతారు.

7.1 పరిచయం

తెలుగునాట మూడేళ్ళ పిల్లల బడిని చాలామంది 'కాన్వెంటు' అంటారు. కాన్వెంటు అంటే నిజానికి క్రైస్తవ సన్యాసినులు నివసించే మఠం. వారు నడిపిన బడుల ద్వారా ఆ మాట ఇంగ్లీషు మీడియం బడులన్నింటికీ అంటుకుంది. అందువల్ల క్రైస్తవ సంబంధం ఏమాత్రం లేని బడినీ కాన్వెంటు అనే పిలుస్తాం. నిజంగా చర్చి నడిపే బడిలో బిడ్డను చేర్పిస్తున్నప్పుడు కూడా అక్కడ ఏం నేర్పుతారని అడగకుండానే చేర్పిస్తాం.

దూరవిద్య అభ్యాసకులైన మీలో కొందరు ఇప్పటికే తల్లులో తండ్రులో అయి ఉంటారు. మరికొందరు అంగన్‌వాడీలలోనో ప్రైవేటు బడులలోనో పనిచేస్తూ ఉంటారు. బిడ్డను ఏ బడిలో వేయాలన్న చర్చ ఇంట్లో వచ్చినప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. "మిషనరీ బడిలో క్రమశిక్షణ బాగుంటుంది" అని ఒకరంటారు. "అక్కడ వేస్తే పిల్లవాడు మన పద్ధతులు మరిచిపోతాడు" అని మరొకరంటారు. ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సంబంధించినవి. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబుతో రెండో ప్రశ్నను కూడా తేల్చేయడం వల్ల నిర్ణయం తప్పుదారి పడుతుంది.

7.2 చారిత్రక నేపథ్యం

శిశువిద్యకూ క్రైస్తవ సంఘాలకూ సంబంధం పాతదే. 18వ శతాబ్దం చివరి భాగంలో ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో ఒబెర్లిన్ అనే లూథరన్ పాస్టరు, పొలం పనులకు వెళ్ళే తల్లుల చిన్నపిల్లల కోసం బడులు నడిపించాడు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రోబెల్ ఒక లూథరన్ పాస్టరు కుమారుడు. అయినా 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లు నాస్తికత్వాన్ని నేర్పుతున్నాయంటూ వాటిని నిషేధించింది. చిన్నపిల్లల బడిలో మతం ఎంత ఉండాలన్న వివాదం అప్పటినుంచీ ఉన్నదే.

1907లో రోమ్ నగరంలో శిశుగృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి కేథలిక్కు. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చి, వివిధ మతాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతి నేడు అన్ని మతాల యాజమాన్యాల బడులలోనూ కనిపిస్తుంది.

తెలుగు ప్రాంతంలో 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్, 1843లో మచిలీపట్నంలో పాఠశాల ప్రారంభించిన రాబర్ట్ నోబుల్ మిషనరీ విద్యకు తొలి దారులు వేసినవారిలో ఉన్నారు. అవి పెద్దపిల్లల బడులు. కాలక్రమంలో ఇలాంటి బడులకు సంపాదించుకున్న పేరే నేటి నర్సరీ, ఎల్.కె.జి. తరగతులకూ ఆకర్షణ అయింది.

7.3 మూడు రకాల కేంద్రాలు

క్రైస్తవ పూర్వ ప్రాథమిక కేంద్రాలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు.

(అ) యాజమాన్యం మాత్రమే క్రైస్తవం: పాఠ్యక్రమం ఇతర ప్రైవేటు బడులలో ఉన్నదే. ఉదయం అసెంబ్లీలో ఒక ప్రార్థన, క్రిస్మస్ వేడుక ఉంటాయి. పెద్ద తరగతులలో క్రైస్తవేతర పిల్లలకు నీతిబోధ తరగతి ఉండవచ్చు.

(ఆ) మతకార్యక్రమం కలిసినది: రోజువారీ ప్రార్థన, బైబిలు కథలు, క్రైస్తవ గీతాలు సమయపట్టికలో భాగంగా ఉంటాయి. చర్చికి అనుబంధంగా నడిచే చిన్న బడులు చాలావరకు ఈ కోవకు చెందుతాయి.

(ఇ) మతమే ఆధారమైనది: అక్షరాలు, అంకెలు, ప్రకృతి పాఠాలు అన్నీ విశ్వాసం చుట్టూ అల్లినవి. అమెరికాలో చర్చిలు నడిపే ప్రీస్కూళ్ళలో ఈ రకం సాధారణం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంటికి దగ్గరగా ఉందనో, ఫీజు అందుబాటులో ఉందనో పిల్లలను చేర్పించేటప్పుడు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.

ఈ వర్గీకరణ క్రైస్తవ కుటుంబాలకూ అవసరమే. కేథలిక్కు బడిలో మరియమ్మ స్వరూపం, జపమాల ప్రార్థన ఉంటాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు కుటుంబాల ఆచారాలు వేరు. 'మన మతమే కదా' అని అడగకుండా చేర్పిస్తే తరువాత ఇబ్బంది ఎదురుకావచ్చు.

7.4 చట్టం ఏమంటుంది?

రాజ్యాంగంలోని 30(1) అధికరణం మత, భాషా అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును ఇచ్చింది. క్రైస్తవ బడులకు ఆధారం ఇదే. తల్లిదండ్రుల రక్షణ 28(3) అధికరణంలో ఉంది. ప్రభుత్వ గుర్తింపు గాని, ప్రభుత్వ నిధులు గాని పొందిన విద్యాసంస్థలో చదివేవారిని వారి సమ్మతి లేకుండా మతబోధనలో గాని, ఆరాధనలో గాని పాల్గొనమని నిర్బంధించకూడదు. చదివేవారు మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. ఈ అధికరణం 'గుర్తింపు పొందిన' లేదా 'నిధులు పొందిన' సంస్థలకు వర్తిస్తుంది. చాలా ప్లేస్కూళ్ళు ఏ గుర్తింపూ లేకుండా నడుస్తుంటాయి. అలాంటిచోట బడితో ముందే రాతపూర్వకంగా కుదుర్చుకున్న మాటే తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రైవేటు బడులు బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలి. బడిలో పూర్వ ప్రాథమిక తరగతులు ఉంటే ఆ తరగతులకూ ఇది వర్తిస్తుంది. అయితే 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అల్పసంఖ్యాక వర్గాల బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తీర్పుపై సందేహం వ్యక్తంచేస్తూ విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

కులధ్రువపత్రం గురించి కొన్ని కుటుంబాలకు భయం ఉంటుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్.సి. హోదా వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్.సి.లను మన రాష్ట్రాలలో బి.సి.-సి వర్గంలో చేర్చారు. బిడ్డ క్రైస్తవ బడిలో చదివినంత మాత్రాన మతం గాని, కులం గాని మారదు. అయితే దరఖాస్తులోని మతం, కులం గడులను మీరే చదివి సరిగా నింపాలి. ఆ పనిని బడి గుమాస్తాకు వదిలేయకూడదు.

7.5 చిన్నపిల్లల మనసు

పియాజే సిద్ధాంతం ప్రకారం రెండు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలు పూర్వ ప్రచాలక దశలో ఉంటారు. తాము నమ్మే పెద్దవారు చెప్పిన దాన్ని ఈ వయసు పిల్లలు ఉన్నది ఉన్నట్టు తీసుకుంటారు. 'ఇది కొందరి నమ్మకం' అనే ఆలోచన వారికి ఇంకా అందదు. కాబట్టి ప్రేమ, పంచుకోవడం గురించిన కథ పిల్లవాడికి మేలే చేస్తుంది. తప్పు చేస్తే దేవుడు కాలుస్తాడన్న మాట రాత్రి నిద్రను చెడగొడుతుంది. ఈ మాట ఏ మతం బడిలో విన్నా ఫలితం అంతే. అందుచేత మతకథలు ఉన్నాయా అని అడగడంతో సరిపెట్టకుండా, వాటిని ఎలా చెబుతారో కూడా అడగాలి.

7.6 సందర్భ విశ్లేషణ

ఒక మండల కేంద్రంలోని దంపతులను ఊహించుకుందాం. తల్లి కుట్టుపని చేస్తుంది, తండ్రి ఆటో నడుపుతాడు. మూడున్నరేళ్ళ బాబును వీధి చివర చర్చి బడిలో చేర్పించాలనుకున్నారు.

"సిస్టర్ గారూ, మా అత్తగారు ఇంట్లో పూజ చేస్తారు. బాబు ప్రార్థనలో నిలబడాలా?" అని తల్లి అడిగింది.

"నిలబడి తీరాలని ఏమీ లేదమ్మా. ఆ పది నిమిషాలు ఆయమ్మ దగ్గర ఆడుకుంటాడు. కానీ అందరూ ఒకచోట ఉంటే తానొక్కడే పక్కన ఉండటం వాడికి నచ్చకపోవచ్చు. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు.

ఈ జవాబులో ఒక నిజం ఉంది. హక్కు తల్లిదండ్రులది, దాన్ని రోజూ అనుభవించేది బిడ్డ. దంపతులు ఇంట్లో చర్చించి, ఉమ్మడి ప్రార్థనకు అభ్యంతరం లేదనీ, బైబిలు వాక్యాలు కంఠస్థం చేయించే తరగతి మాత్రం వద్దనీ రాసి ఇవ్వాలనుకున్నారు. "ఇంట్లో నానమ్మ ఇలా చేస్తుంది, బడిలో టీచరు అలా చేస్తారు, ఇద్దరూ మంచివాళ్ళే" అని బాబుకు చెప్పాలని అనుకున్నారు. మూడేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యే మాట అది.

మరునాడు తండ్రి తరగతి గదిని చూడటానికి వెళ్ళాడు. ఒక్క టీచరు, 38 మంది పిల్లలు. నేలమీద కూర్చుని అందరూ నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్నారు. ఆటవస్తువులు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. ప్రార్థన గురించి రెండు రోజులు చర్చించిన కుటుంబం అప్పటివరకు ఈ విషయాన్ని అడగనేలేదు. బాబు బడిలో గడిపే నాలుగు గంటలలో ప్రార్థనకు పట్టేది పది నిమిషాలు. మిగిలిన సమయమంతా ఈ గదిలోనే గడుస్తుంది.

7.7 చేర్చే ముందు పరిశీలించవలసినవి

బోధనకు సంబంధించినవి:
1. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం 3–6 ఏళ్ళ పిల్లలు 20 మందికి ఒక పెద్దవారు ఉండాలని సూచించింది. తరగతిలో ఎంతమంది ఉన్నారు?
2. జాతీయ విద్యా విధానం 2020 ఈ దశకు ఆట, కృత్యాల ద్వారా అభ్యసనాన్ని నిర్దేశించింది. ఇంటి భాషే మాధ్యమంగా ఉండటం మేలని 2022 నాటి పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం చెబుతుంది. బిడ్డ తెలుగులో మాట్లాడితే టీచరు తెలుగులో జవాబిస్తారా?
3. పిల్లవాడు ఏడిస్తే, బట్టలు తడుపుకుంటే ఏం చేస్తారు?

మతానికి సంబంధించినవి:
4. ప్రార్థన, కథలు, గీతాలు ఏ రోజు ఎంతసేపు ఉంటాయి? సమయపట్టిక చూపిస్తారా?
5. పాల్గొనని పిల్లలు ఆ సమయంలో ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటారు?
6. బాప్తిస్మ ధ్రువపత్రం అడిగితే, అది దేనికోసం? వయసు రుజువుకు జనన ధ్రువపత్రం ఉంది కదా!

మొదటి మూడు ప్రశ్నలను అంగన్‌వాడీలోనూ, మతంతో సంబంధం లేని బడిలోనూ అడగాలి. తరువాతి మూడింటిని ఏ మతం నడిపే బడిలోనైనా అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే బడి, రేపు బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు కూడా మీతో సరిగా మాట్లాడుతుందని ఆశించవచ్చు.

7.8 సారాంశం

క్రైస్తవ యాజమాన్యం ఉన్న ప్రతి బడీ మతబోధన చేయదు. చేసే బడిలో కూడా తల్లిదండ్రుల సమ్మతికి 28(3) అధికరణం విలువ ఇచ్చింది. అయితే అది గుర్తింపు లేదా నిధులు పొందిన సంస్థలకే వర్తిస్తుంది. మతం గురించిన ప్రశ్న, బోధన గురించిన ప్రశ్న వేర్వేరు. మొదటిదానికి కుటుంబం తన విశ్వాసాన్ని బట్టి జవాబు చెప్పుకుంటుంది. రెండోదానికి జవాబు తరగతి గదిలో కూర్చుని చూస్తేనే దొరుకుతుంది.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 28(3) అధికరణం గుర్తింపు లేని ప్లేస్కూలులో చదివే బిడ్డకు ఎంతవరకు రక్షణ ఇస్తుంది? ఐదు వాక్యాలలో రాయండి.
2. 7.6లోని దంపతులు మీ సలహా అడిగితే ఏమని చెబుతారు? కారణాలు వివరించండి.
3. మీ ఊరిలోని ఒక అంగన్‌వాడీని, ఒక క్రైస్తవ బడిని అనుమతితో సందర్శించి, 7.7లోని ప్రశ్నల ఆధారంగా రెండింటినీ పోల్చి ఒక పుట నివేదిక తయారుచేయండి.