పాట తెగుతోందా? చెరపడానికి తొందరపడవద్దు

పెద్దవంగర: బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే పల్లెల్లో పాటలు కట్టేవారికి తీరిక ఉండదు. ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే పట్నం పోయి స్టూడియోకు అద్దె కట్టాలి. నేడు ఒక కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోన్లు ఉంటే ఇంటి అర్రలోనే పని జరిగిపోతున్నది. 2016లో మండలంగా ఏర్పడిన పెద్దవంగరలోనైనా, చుట్టుపక్కలనైనా ఇది వింత కాదు.

అయితే తీరా పాట వినబోతే మధ్యమధ్య టక్కుమని తెగడం, ఒక మాటను మింగి తరువాతి మాటకు దూకడం పరిపాటి. రికార్డింగు పాడైందనుకొని చెరిపివేసేవారూ లేకపోలేదు. డప్పు వాయించినవారిని మళ్ళీ పిలువవచ్చు గాని, డెబ్బై ఏళ్ళ అవ్వ ఎత్తుకున్న రాగం రెండోసారి అలాగే వస్తుందన్న నమ్మకం లేదు.

కనుక ముందు ఒక పరీక్ష చేయాలి. తెగిన చోటునే మూడుసార్లు వినాలి. ప్రతిసారీ అదే మాట దగ్గర తెగితే లోపం రికార్డింగులో ఉన్నట్లు. ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ తెగితే పాట భద్రమే. వినిపించడంలో కంప్యూటరు వెనుకబడుతున్నదన్న మాట.

కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 లేక 48,000 ముక్కలుగా దాచుకుంటుంది. వినిపించేటప్పుడు వాటిని బఫర్ అనే చోట నింపి, అక్కడినుంచి స్పీకరుకు వదులుతుంది. బఫర్ అంటే నీళ్ళ గోలెం వంటిదే. గోలెం పెద్దదైతే మోటారు కాసేపు ఆగినా నల్లా ఆగదు. చిన్నదైతే వెంటనే ధార తెగుతుంది. 48,000 లెక్కన 128 ముక్కల బఫర్‌లో పట్టే ధ్వని సెకనులో వెయ్యో వంతులు మూడైనా ఉండదు. అదే 1024 పెడితే ఇరవై ఒకటి దాకా పడుతుంది. పాడేటప్పుడు తన గొంతు తనకు ఆలస్యం లేకుండా వినిపించాలని బఫర్ చిన్నది పెడతారు. తరువాత పెంచడం మరచిపోతారు. మొదట చూడవలసింది ఇదే.

అప్పటికీ తెగితే వైఫై, విండోస్ అప్‌డేట్లు, వైరస్ వెతికే ప్రోగ్రాము కాసేపు ఆపి చూడాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిస్తే వేగం తగ్గుతుంది, కరెంటుకు తగిలించాలి. పాట పెన్‌డ్రైవులో ఉంటే లోపలి డిస్కులోకి మార్చాలి. ఒక్క గొంతుకే నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ పైగా అవుతుంది. పది ట్రాకులు ఒకేసారి చదవాలంటే పాత డిస్కుకు ఆయాసమే. రీవర్బ్ వంటి హంగులు ఎక్కువైనా ఇదే బాధ. ఏది మార్చినా ఒక్కొక్కటిగా మార్చి వినాలి, లేకుంటే తప్పు ఎక్కడుందో తెలియదు. కొత్త కంప్యూటరు కొనమనే సలహా దుకాణంలో ఎలాగూ దొరుకుతుంది, దానికి తొందర లేదు. వీటన్నిటికన్నా ముందు పాట ఫైళ్ళకు మరో డిస్కులో నకలు తీసుకోవడం అవసరం.

ఇక లోపం రికార్డింగులోనే ఉంటే? చిన్న టక్కు శబ్దాన్ని ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాముతో తీసివేయవచ్చు. బతుకమ్మ పాటలో 'ఉయ్యాలో' వంటి మాట తెగితే, అదే గొంతు మరో చోట అన్నది తెచ్చి అతికించవచ్చు. చరణంలో మాట పోతే మాత్రం పాడినవారి ఇంటికి మళ్ళీ వెళ్ళవలసిందే.