ఎగ్జిమా: చెమట పడితే మెడ, ముఖం మండిపోతున్నాయా? అందరి చర్మంపై ఉండే ఈ ఈస్ట్‌తో కొందరికే ఎందుకీ గొడవ?

మెడ చుట్టూ ఎర్రగా కందిపోవడం.. కనురెప్పల మీద పొట్టు రాలడం.. రాత్రి పడుకుంటే చాలు దురద. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. చేతులు, కాళ్ల మీద తగ్గినా కొందరికి ముఖం, మెడ దగ్గర మాత్రం మొండికేస్తుంది. ఎండాకాలం చెమట పడితే ఇక చెప్పక్కర్లేదు. దీని వెనుక ఉన్న కారణాల్లో ఒకటి మన చర్మం మీదే కాపురం ఉంటుంది. దాని పేరు మలసీజియా. కంటికి కనిపించని ఒక రకం ఈస్ట్, అంటే ఫంగస్.

ఎవరి నుంచో అంటుకున్నది కాదు

శుభ్రంగా లేకపోవడం వల్లే ఇది వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానే కాదు. పుట్టిన కొద్ది వారాల్లోనే ఈ ఈస్ట్ పసిపిల్లల చర్మం మీదకు చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనూ దాదాపు అందరికీ ఉంటుంది. తనకు కావాల్సిన కొవ్వును ఇది సొంతంగా తయారు చేసుకోలేదు. మన చర్మం నుంచి వచ్చే జిడ్డే దానికి తిండి. అందుకే తల, ముఖం, మెడ, ఛాతీ, వీపు పైభాగంలో ఎక్కువగా ఉంటుంది. చుండ్రుకు, శోభి మచ్చలకు కూడా దీంతో సంబంధం ఉంది.

మరి కొందరికే ఎందుకు?

చర్మాన్ని ఇంటి ప్రహరీ గోడ అనుకోండి. ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఆ గోడకు బీటలు ఉంటాయి. గోడను గట్టిగా ఉంచే ప్రొటీన్లలో ఒకటి ఫిలాగ్రిన్. దాని జన్యువులో లోపాలు ఉన్నవాళ్లకు ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2006లోనే తేలింది. ఆ బీటల్లోంచి ఈస్ట్ వదిలే ప్రొటీన్లు లోపలికి వెళ్తాయి. అక్కడ కాపలా ఉన్న ఇమ్యూనిటీ కణాలు వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటాయి. వాటి కోసమే ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. ముఖం, మెడ మీద ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్లలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి.

చెమటకూ దీనికీ లింకు ఉంది. చెమటతో దురద పెంచే పదార్థం ఏంటా అని జపాన్‌లోని హిరోషిమా యూనివర్సిటీ పరిశోధకులు వెతికితే, అది మలసీజియా వదిలే ప్రొటీనే అని 2013లో బయటపడింది. అంటే చాలామంది విషయంలో చెమట కంటే, అందులో కలిసిన ఈస్ట్ ప్రొటీనే అసలు తంటా.

కాపలాదారే ఇల్లు పాడుచేస్తే..

ఇక్కడే అసలు ట్విస్ట్. ఈస్ట్ ప్రొటీన్లలో కొన్ని మన శరీరంలోని ప్రొటీన్లను పోలి ఉంటాయి. దాంతో కొందరిలో ఇమ్యూనిటీ కణాలు పొరబడి, సొంత ప్రొటీన్ల మీదా విరుచుకుపడతాయి.

2019లో జ్యూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకలపై మరో విషయం గమనించారు. ఐఎల్-17 అనే ఇమ్యూనిటీ సంకేతం ఈస్ట్ మితిమీరి పెరగకుండా ఆపుతోంది. కానీ చర్మం దెబ్బతిని ఉంటే, అదే సంకేతం వాపును పెంచుతోంది. అంటే సమస్య ఈస్ట్ ఒక్కదానిదే కాదు. గోడ బీటలు, ఈస్ట్, ఇమ్యూనిటీ.. మూడూ కలిస్తేనే మంట.

రుద్ది కడిగితే పోతుందా?

పోదు, పైగా ముదురుతుంది. ఆరోగ్యకరమైన చర్మానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. మామూలు సబ్బు ఎక్కువగా రుద్దితే ఆ గుణం తగ్గి, గోడ ఇంకా బలహీనపడుతుంది. ఆమ్ల గుణం తగ్గినప్పుడు ఈ ఈస్ట్ అలర్జీ ప్రొటీన్లను ఎక్కువగా వదులుతుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది.

ఏం చేయాలి?

* చెమట పట్టగానే మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. రుద్దకండి.
* సువాసనలు లేని, ఘాటు తక్కువ క్లెన్సర్ వాడండి.
* స్నానం అయిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి.
* ముఖం, మెడ మీద ఎంతకీ తగ్గకపోతే చర్మ వైద్యుల్ని అడగండి. కొందరికి యాంటీఫంగల్ మందు కలిపి ఇస్తారు. అయితే ఇది అందరికీ పనిచేయదు.

ఈ పొరపాటు మాత్రం చేయకండి

మన దగ్గర దురద అనగానే తామర అనుకుని మెడికల్ షాపులో ట్యూబ్ అడగడం అలవాటు. వాటిలో చాలావరకు స్టిరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములే. రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది. కానీ బలమైన స్టిరాయిడ్‌ను ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపగానే ఎర్రదనం తిరగబెడుతుంది. ఒకవేళ అది నిజంగా తామరే అయితే లోలోపల ఇంకా పాకుతుంది. డాక్టర్ చూసి, ఎన్ని రోజులు రాయాలో చెప్పి ఇచ్చే స్టిరాయిడ్‌కు మాత్రం భయపడక్కర్లేదు.

ఈస్ట్‌ను పూర్తిగా తరిమేయడం ఎవరి వల్లా కాదు, ఆ అవసరం కూడా లేదు. గోడను బాగు చేసుకుంటే చాలు.. గొడవ సగం తగ్గినట్టే.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందులు వాడే ముందు వైద్యుల్ని సంప్రదించండి.)