వెండి అగ్గిబరిణెలు

వస్తువు చిన్నది. రెండంగుళముల పొడవు, బందుపై తెరచుకొను మూత, అడుగున గరుకైన గాట్లు, ప్రక్కన గొలుసు తగిలించుటకు ఒక కడియము. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండులో స్తోమతు గల పెద్దమనుషులు జేబుగడియారపు గొలుసు రెండవ కొసకు ఇట్టి వెండి బరిణెను తగిలించుకొనెడివారు. ఆంగ్లమున దీని పేరు ‘వెస్టా కేస్’. వెస్టా రోమనుల గృహాగ్నిదేవత. ఆ పేరు 1830 దశకమున మైనపు వత్తితో చేసిన అగ్గిపుల్లకు వచ్చి, పుల్లనుండి బరిణెకు సంక్రమించెను.

నేడు వీనిని సేకరించువారు పెక్కు దేశములందు గలరు. వెండిని చూతురు, నగిషీని చూతురు. లోపల నుండిన పుల్లను తలచువారు తక్కువ. ఆ పుల్ల సంగతి తెలియనిదే బరిణెలోని ఏ భాగమును అర్థము కాదు.

స్టాక్టన్ అను ఊరిలో మందుల వర్తకుడు జాన్ వాకర్ 1827లో రాపిడి పుల్లలను అమ్మనారంభించెను. కొద్ది యేండ్లకే పుల్లకొనకు తెల్ల భాస్వరము చేరినది. ఇక గోడకు గీచినను, జోడు అడుగున గీచినను మంటయే. అంతటి సౌకర్యమే గండమును అయినది. జేబులో ఒకదానినొకటి ఒరసికొనినను పుల్లలు రగిలెడివి. లోహపు బరిణె అవసరము అట్లు కలిగెను. మొదట నస్యపు డబ్బీలనే ఇందుకు మార్చుకొనిరి. పిదప ప్రత్యేకముగ చేయించిరి. మూత బిగువు నిప్పు రేగకుండుటకు, అడుగు గాట్లు పుల్ల గీచుటకు. భాస్వరము వెండిని తినివేయకుండ పెక్కింటికి లోపల బంగారు పూత పూసిరి.

ఈ పనికి పుట్టినిల్లు బర్మింగుహాము. అచ్చులతో వేల కొలది సాదా బరిణెలు అక్కడ తయారయ్యెను. లండనులోని శాంప్సన్ మోర్డన్ సంస్థ మీనాకారి పనితో విలువైన బరిణెలను చేసెను. పంది, గుడ్లగూబ, పుస్తకము మొదలగు ఆకారములు పుట్టినవి. విక్టోరియా రాణి 1887, 1897 ఉత్సవములకు జ్ఞాపికలు వెలువడినవి.

బరిణె వయస్సును దానిపై ముద్రలే చెప్పును. నడచు సింహము వేయింట 925 పాళ్ల వెండికి గుర్తు. లంగరు 1773లో నెలకొన్న బర్మింగుహాము పరీక్షశాలకు గుర్తు. సముద్రమునకు దూరపు ఊరికి లంగరేమని అడుగవచ్చును. ఆ శాల కొరకు యత్నించినవారు లండనులో కలిసికొనిన చావడి పేరునుండి వచ్చినదని యొక కథ. ఏటేట మారు అక్షరము సంవత్సరమును, పొడి అక్షరములు కర్తను తెలుపును. రాజముఖము ముద్ర యున్నచో వస్తువు 1890కి తరువాతిది కాదు. ఆ ఏటితో వెండిపై సుంకము పోయినది.

ముద్ర నిజమైనంత మాత్రమున వస్తువంతయు నిజమనరాదు. పాత సాదా బరిణెపై నేడు రంగుల బొమ్మను అతికించి అమ్మువారు కలరు. పూర్వపు యజమాని పేరును అరగదీయుటయు కద్దు. వ్రేలితో నొక్కిచూచిన అచట రేకు పలుచబడి తెలియును. అంతకన్న విచారకరమైనది మితిమీరిన మెరుగు. అరిగిన గాట్లు, గొలుసు రాచిన కడియము ఆ బరిణె బ్రతికిన జాడలు. వానిని పోగొట్టినవాడు వస్తువును శుభ్రపరచినవాడు కాడు.

పుల్ల కొన్నవానిని బరిణె కాచెను. పుల్ల చేసినవారిని కాచినదేమి? భాస్వరపు ఆవిరి పుచ్చిన పంటినుండి దవడకు దిగి, ఎముకను కుళ్లజేసెడిది. 1888లో లండను బ్రయంట్ అండ్ మే కర్మాగారమున సుమారు 1400 మంది స్త్రీలు, బాలికలు సమ్మెకు దిగిరి. వారి కష్టములను పత్రికలో ప్రకటించినది అనీ బిసెంటు. పిమ్మట మదనపల్లె కళాశాల మూలమున తెలుగువారికి సన్నిహితురాలైన ఆమెయే. జరిమానాలు రద్దయ్యెను. విషము సోకకుండ అన్నము తినుటకు వేరు గది లభించెను. తెల్ల భాస్వరము మాత్రము తొలగలేదు. బ్రిటనులో 1908 చట్టము, భారతదేశమున 1913 చట్టము రావలసివచ్చెను.

బరిణెకు కాలము తీర్చినది చట్టము కాదు. విషము లేని మరియొక భాస్వర సమ్మేళనముతో ఎక్కడనైన మండు పుల్లలు కొనసాగినవి. స్వీడనువారు వృద్ధిచేసిన నిరపాయపు పుల్ల తీరు వేరు. అందు ఎర్ర భాస్వరము పెట్టె ప్రక్కనే పూయబడును. పుల్ల దానికి గీచిననే మండును. వెండి గాట్లకు దానితో పనిలేదు. మొదటి ప్రపంచయుద్ధము పిదప పెట్రోలు లైటరు వచ్చినది; గడియారము మణికట్టుకు చేరి గొలుసును తొలగించినది. కంసాలులు కొంతకాలము అట్టపెట్టెకు వెండి తొడుగులు చేసి, పుల్ల గీచుటకు ఒక ప్రక్క తెరచి విడిచిరి.